అయోవాలో రెండు వేల మంది ఉన్న ఊళ్లో ఉద్యోగం వచ్చింది, ఉండగలమా?

కొబ్బరాకు | షికాగో
అందరికీ నమస్కారం. వచ్చే జూన్‌తో నా రెసిడెన్సీ (డాక్టరు చదువయ్యాక ఆస్పత్రిలో చేసే శిక్షణ) అయిపోతుంది. జె-1 వీసా కాబట్టి, రెండేళ్లు ఇండియా వెళ్లి ఉండక్కర్లేకుండా మినహాయింపు కావాలంటే డాక్టర్లు తక్కువున్న చోట మూడేళ్లు పనిచెయ్యాలి. అయోవా రాష్ట్రం వాయువ్యంలో ఒక చిన్న ఆస్పత్రి వాళ్లు పిలిచారు. 25 పడకలు. ఊరి జనాభా రెండు వేలకి కాస్త అటూ ఇటూ. మావారిది సాఫ్ట్‌వేర్, ఇంటినుంచే పని. పాపకి నాలుగేళ్లు.

పోయిన వారం ఊరు చూడ్డానికి వెళ్లొచ్చాం. దారి పొడవునా మొక్కజొన్న, సోయా, మళ్లీ మొక్కజొన్న. ముందు నీళ్ల ట్యాంకు కనిపించింది, తర్వాత బారుగా నిలబెట్టిన సిమెంటు గొట్టాల్లాంటి ధాన్యం గోదాములు, తర్వాత చర్చి శిఖరం. రెండు నిమిషాల్లో ఊరు దాటేశాం, వెనక్కి తిరిగి రావాల్సొచ్చింది. మెయిన్ వీధిలో సగం కొట్లు మూతే. సరిగ్గా పన్నెండింటికి సైరన్ మోగింది. టోర్నడో అనుకుని పాపని ఎత్తుకుని పరిగెత్తబోయాను. ఆస్పత్రిలో ముందు కూర్చునే ఆవిడ తల కూడా ఎత్తకుండా, "భోజనాల వేళ అయింది, అంతే" అంది.

మనుషులు మంచివాళ్లలాగే ఉన్నారు. భయమల్లా ఒంటరిగా పడి ఉంటామేమోనని. ఎవరైనా ఇలాంటి చోట ఉన్నవాళ్లుంటే చెప్పండి.

డెమాయిన్_దాసు
వద్దండీ. జనవరిలో గాలితో కలిపి మైనస్ ముప్పై, నలభై అయిన రోజులుంటాయి. కందిపప్పు కోసం రెండు మూడు గంటలు కారు నడపాలి. బయట తిందామంటే పెట్రోలు బంకులో పిజ్జా. (కేసీస్ పిజ్జా నిజంగానే బాగుంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. 1968లో బూన్‌లో మొదలైన బంకుల కంపెనీ అది. చాలా ఊళ్లలో రాత్రి ఎనిమిది దాటితే వేడి తిండి దొరికేది వాళ్ల దగ్గరే.) మూడేళ్లు జైలు అనుకుని వెళ్లండి, రోజులు లెక్కపెట్టుకోవడం తేలిక.

అత్తిలి_అక్క
దాసు గారు చెప్పినవి అబద్ధాలు కావు. కానీ ఆయన హైవే మీద పోతూ చూసిన మనిషి. మేం ఇలాంటి ఊళ్లోనే పద్నాలుగేళ్లున్నాం. మావారు డాక్టరు. వెళ్లింది మూడేళ్లకనే.

అమ్మాయ్, నీ భయం తలకిందులుగా ఉంది. అక్కడ ఒంటరిగా ఉందామన్నా కుదరదు. మేం దిగిన వారానికి మా కారేదో, ఇంటికి ఎంత పెట్టామో, మావారు రాత్రి డ్యూటీ నుంచి ఎన్నింటికి తిరిగొచ్చారో ఊరందరికీ తెలుసు. కొట్లో బిల్లు కట్టే వరసలో నిలబడితే వెనకాయన ప్యాంటు పైకి మడిచి మోకాలు చూపించేవాడు, "డాక్టరు గారికి ఓ మాట చెప్పండి" అని. రోడ్డు మీద ఎదురొచ్చే ప్రతి బండివాడూ స్టీరింగు మీంచి ఒక్క వేలు పైకెత్తుతాడు. అదే నమస్కారం. ఏదో ఆలోచనలో పడి నువ్వు ఎత్తలేదనుకో, సాయంత్రానికి "డాక్టరు గారింట్లో ఏమైనా గొడవా" అని ఆరా మొదలు.

ఇంకో సంగతి ముందే తెలుసుకుని వెళ్లు. మనుషులు తక్కువున్న ఊళ్లో ఒక్కొక్కరి నెత్తినా మూడు నాలుగు పనులుంటాయి. మా వీధి చివర ప్లంబరే ఫైరింజన్ నడిపేవాడు. ఊరి కౌన్సిల్లోనూ ఆయనే. శుక్రవారం రాత్రి హైస్కూలు ఫుట్‌బాల్ ఆటకి మైకులో పేర్లు చదివేదీ ఆయనే. జీతం ఒక్క ప్లంబింగుకే. ఎవరైనా ఒక్కరు ఊరు విడిచిపోతే నాలుగు కుర్చీలు ఖాళీ అవుతాయి. అందుకని కొత్తగా ఎవరొచ్చినా ఆ కుర్చీల వైపే చూస్తారు.

నాకు రెండో నెలలో వచ్చింది ఫోను. లూథరన్ చర్చి నుంచి ఒక పెద్దావిడ. "గురువారం అంత్యక్రియలున్నాయి, నువ్వు రెండు పళ్లేలు బార్స్ పట్టుకురా" అని. నేను ఆ చర్చి మనిషిని కాను. పోయినాయన ఎవరో తెలీదు. బార్స్ అంటే ఏమిటో కూడా తెలీదు (పళ్లెంలో పోసి చల్లారాక చదరాలుగా కోసే తీపి, మన మైసూరుపాకు వరసే). వస్తావా అని అడగలేదు, కుదురుతుందా అనీ అడగలేదు. పెట్టెయ్యబోతూ, "పళ్లెం అడుగున పేరు రాసి టేపు అంటించు, లేకపోతే తిరిగి రాదు" అంది. వెళ్లాను. చర్చి కింద గదిలో హామ్ శాండ్‌విచ్‌లూ, రంగురంగుల జెల్లీ సలాడ్లూ, కాఫీ. వంటింట్లో ఆరుగురు ఆడవాళ్లు, ఒక్కరూ నన్ను ఏ దేశం అని అడగలేదు, తడి గిన్నెలు తుడవమని గుడ్డ చేతికిచ్చారు. సగం మంది నాతో మాట్లాడింది ఆ రోజే మొదలు.

తియ్యటి మాటలే చెప్పి పంపను. పద్నాలుగేళ్లలో ఇంట్లోకి పిలిచి భోజనం పెట్టినవాళ్లు ఐదారు ఇళ్లవాళ్లే. మంచు పడ్డ తెల్లారి లేచేసరికి మా వాకిలి ఊడ్చి ఉండేది. ఎవరు ఊడుస్తున్నారో కనుక్కోవడానికే రెండు చలికాలాలు పట్టింది. అడిగితే "మిషన్ ఎలాగూ బయటికి తీశాను కదా" అని నేల చూపులు చూశాడాయన. సాయానికి వందమంది, సావాసానికి ఐదుగురు. మొదట్లో నాకు అది చాలా కష్టమైంది.

బందరు_లడ్డు
అక్కా, "బాగుంది" అని ఎవరూ అనరు, అది కూడా చెప్పండి. మా అత్త పెసరట్టు వేసి పెడితే మిన్నెసోటా పొరుగాయన నాలుగు తిని "ఫర్లేదు" అన్నాడు. ఆవిడ వారం రోజులు బాధపడింది. అది వాళ్ల లెక్కలో పద్మశ్రీ అని తర్వాత తెలిసింది.

అత్తిలి_అక్క
నిజం. వెళ్లేటప్పుడు మోకాళ్ల మీద చేతులతో చరిచి "సరే మరి" అంటారు, ఆ తర్వాత గుమ్మంలో ముప్పావుగంట. ఆ ఒక్కటీ మా అత్తిలే.

నల్లరేగడి | ఏమ్స్
నేను విత్తనాల రంగంలో ఉన్నాను, అయోవా స్టేట్ యూనివర్సిటీలో చదివాను. రోజూ ఈ ఊళ్ల మధ్యే తిరుగుతాను కాబట్టి కాస్త వెనక కథ.

విమానంలోంచి చూస్తే ఇక్కడి నేల గళ్ల లుంగీలా ఉంటుంది. 1785లో చేసిన చట్టం గీసిన గీతలవి. ఆరు మైళ్లకి ఆరు మైళ్లు ఒక టౌన్‌షిప్, అందులో 36 ముక్కలు, ముక్క 640 ఎకరాలు. పదహారో ముక్క బడి ఖర్చుకని పక్కన పెట్టేవారు. మైలుకొక కంకర రోడ్డు ఉండటానికి కారణం ఇదే. తర్వాత రైలొచ్చింది. రైతు గుర్రబ్బండి మీద ధాన్యం వేసుకుని పొద్దున బయల్దేరి చీకటిపడేలోగా ఇల్లు చేరాలి కదా, ఆ దూరాన్ని బట్టి ఏడెనిమిది మైళ్లకో స్టేషను, స్టేషను పక్కన ఎలివేటరు (మీరు చూసిన ధాన్యం గోదాములే), దాని చుట్టూ ఊరు. ఇప్పుడు సెమీ ట్రక్కు ముప్పై మైళ్లు అరగంటలో పోతుంది. ఊళ్లు మాత్రం గుర్రబ్బండి దూరంలోనే మిగిలిపోయాయి. మూతపడ్డ కొట్లకి సగం జవాబు అది.

మిగతా సగం, పొలాలు పెద్దవై మనుషులు తగ్గడం. 1862 హోమ్‌స్టెడ్ చట్టం ఒక కుటుంబానికి అని ఇచ్చింది 160 ఎకరాలు. నాకు తెలిసిన ఒక తండ్రీ కొడుకూ ఇప్పుడు రెండు వేల ఎకరాలు ఇద్దరే చేస్తున్నారు, కోతల్లో మాత్రం ఒక రిటైరైన మేష్టారు ట్రక్కు తోలుతాడు. పంట పెరిగింది, బడికి వెళ్లే పిల్లలు తగ్గారు.

కొబ్బరాకు గారూ, ఒక హెచ్చరిక. ఊరి చుట్టూ ఉన్న మొక్కజొన్న చూసి పొత్తు విరిచి కాల్చుకుందామని మాత్రం అనుకోకండి. అది పశువుల దాణాకీ ఇథనాల్‌కీ పోయే రకం, రాయిలా ఉంటుంది. నేను వచ్చిన ఏడాది ఆ పని చేసి పన్ను కదిలించుకున్నాను. తినే రకం జులై, ఆగస్టుల్లో రోడ్డు పక్క పికప్ ట్రక్కు మీద అమ్ముతారు. చాలాచోట్ల మనిషి కూడా ఉండడు, డబ్బాలో డబ్బులు వేసి డజను తీసుకెళ్లడమే.

పల్నాటి_కౌలు
నల్లరేగడి గారూ, ఎకరానికి ఎంత పండిద్ది అక్కడ? వాళ్లకీ కౌలు ఉంటదా, అందరిదీ సొంత భూమేనా? నేను పదిహేనెకరాలు కౌలుకి చేస్తన్నా, రబీలో మొక్కజొన్న నలభై క్వింటాళ్లు దిగితే మాకు పండగే.

నల్లరేగడి | ఏమ్స్
రాష్ట్రం సగటు ఎకరానికి 200 బుషెళ్ల పైచిలుకు. మొక్కజొన్నకి బుషెల్ అంటే 56 పౌన్లు, ఆ లెక్కన ఎకరానికి మన యాభై క్వింటాళ్లు. మంచి చెలకల్లో ఇంకా ఎక్కువే. నీళ్లు కట్టరు, వానే. ఇక్కడ తంటా అంతా నీళ్లు బయటికి పంపడానికే. పొలాల కింద వేల మైళ్ల గొట్టాలు పాతారు, ఒకప్పుడు ఇదంతా చిత్తడి నేల.

కౌలు సంగతి చెబితే నవ్వుతారు. అయోవా సాగుభూమిలో సగానికి పైగా కౌలుదే. ఎకరానికి ఏడాదికి సగటున 270 డాలర్ల పైన. భూమి గల ఆసాముల్లో చాలామంది అరవై ఐదు దాటినవాళ్లు, అందులో భర్త పోయిన ఆడవాళ్లూ బాగా ఉంటారు. పిల్లలు కాలిఫోర్నియాలోనో టెక్సస్‌లోనో. ఆవిడ ఉన్నంతకాలం కౌలుదారుకి ఫర్లేదు, తర్వాత పిల్లలు ఏం చేస్తారోనని ఆయనకి నిద్ర పట్టదు. ఎకరం పదకొండు వేల డాలర్ల పైన పలుకుతుంటే కొత్తగా కొనగలిగేవాడెవడు?

పల్నాటి_కౌలు
మా ఆసామి కొడుకు హైదరాబాదులో ఉన్నాడు. అదే కథ.

గోడమీద_పిల్లి
అందరూ ఆ ఊళ్లకి పూలదండలు వేస్తున్నారు కాబట్టి నేను కాస్త గోడ దిగుతాను. ఆ నిశ్శబ్దం వెనక 1980లలో తగిలిన దెబ్బ ఒకటుంది. అంతకుముందు పదేళ్లు ధాన్యం రేట్లు పెరిగాయి, బ్యాంకులు పిలిచి అప్పులిచ్చాయి, భూమి ధర పెరిగేదే కానీ తగ్గేది కాదన్నారు. వడ్డీలు ఆకాశానికి పోయాయి. 1980 జనవరిలో అధ్యక్షుడు కార్టర్ సోవియట్‌కి ధాన్యం అమ్మకాలు ఆపేశాడు. అయోవాలో ఎకరం సగటు ధర 1981లో 2,147 డాలర్లు, 1986కి 787. ఆ ధర మీద అప్పు చేసినవాడి గతి ఏమిటి? బ్యాంకులు కూడా మునిగాయి. వాకిట్లో ట్రాక్టరు వేలం వేస్తుంటే పాడినవాడు పక్కింటివాడే అయ్యేవాడు. ఆ తరం వాళ్లు ఇప్పటికీ ఆ రోజుల గురించి నోరు విప్పరు. "ఫర్లేదు" అనే మాట జోకుగా కనపడుతుంది కానీ అది ఊరికే వచ్చింది కాదు.

అలాగే ఊళ్లో పెద్దబ్బాయికి పొలం వస్తుంది, చదువుకున్న మిగతా పిల్లలు వెళ్లిపోతారు. బార్స్ పళ్లెం ఎవరి చేతికొస్తుందో అత్తిలి అక్కకే తెలుసు.

అత్తిలి_అక్క
తెలుసు తమ్ముడూ. నాకు ఫోను చేసిన పెద్దావిడకి అప్పుడే డెబ్భై తొమ్మిది.

బడుల పేర్లు చూస్తే చాలు. నాలుగూళ్ల బడులు కలిపేసి నాలుగూళ్ల పేర్లూ ఉంచారు. ఆక్లీ, జెనీవా, వెల్స్‌బర్గ్, స్టీమ్‌బోట్ రాక్ కలిపిన బడుల జిల్లాని ఉట్టి పొడి అక్షరాలతో పిలుస్తారు, పూర్తిగా పలికితే ఆట సగం అయిపోతుందని! ఊళ్లకి వందేళ్ల ఆటపోరు మరి, ఒక పేరు తీసేస్తే పెద్ద తగవు. మా నర్సు ఒకావిడ చెప్పేది: అయోవాలో ఆడపిల్లల బాస్కెట్‌బాల్ 1993 దాకా జట్టుకి ఆరుగురు. ముగ్గురు గోలు వేసేవాళ్లు, ముగ్గురు కాచేవాళ్లు, మధ్యగీత దాటకూడదు. చిన్న ఊరి అమ్మాయిలు రాష్ట్ర రాజధాని డెమాయిన్‌లో పెద్ద ఆడిటోరియం నింపేసేవాళ్లట. ఆ జట్టు ఫొటో ఇప్పటికీ బ్యాంకు గోడకి ఉంది. అందులో మూడో ఆవిడ మా పోస్టాఫీసులో, ఐదో ఆవిడ లైబ్రరీలో. పేరు మర్చిపోతే జెర్సీ నంబరు చెప్పేవాళ్లం.

కరీంనగర్_మక్క | స్టార్మ్‌లేక్
కొబ్బరాకు అక్కా, నువ్వు చెప్పిన దిక్కే నేనుంటున్న. ఫార్మసీల పని. మా ఊరు జర పెద్దది, పదకొండు వేల మంది. వాయువ్య అయోవా అంటే అందరు తెల్లోళ్లే అనుకుంటరు గని ఈడ బడిల ఇరవైకి పైన భాషలు ఇనవడ్తయి. మాంసం ఫ్యాక్టరీలున్నయి గద. ముందుగాల వియత్నాం యుద్ధమైనంక 1975ల గవర్నర్ రాబర్ట్ రే తాయ్‌డామ్ అనే తెగ శరణార్థులను ఈ రాష్ట్రానికి రానిచ్చిండు, ఎనుక లావోసోళ్లు, మెక్సికోళ్లు, ఇంకా శానా మంది వచ్చిన్రు. గా జనం రాకపోతే ఈ ఊరు గిట్ల సగం మూతవడుతుండె.

అంత నున్నగనే నడిచిందని గాదు. 2008 మే నెలల పోస్ట్‌విల్‌ల ఇమిగ్రేషనోళ్లు ఫ్యాక్టరీ మీద వడి ఒక్క రోజుల 389 మందిని వట్టుకపోయిన్రు. రెండు వేల పైచిలుకు జనమున్న ఊరు అది. గా ముచ్చట ఇప్పటికీ మాట్లాడుకుంటరు.

ఇంకో ముచ్చట. మా ఊరి పేపర్ అప్పట్ల మూడు వేల కాపీలదే. దాని ఎడిటర్ ఆర్ట్ కలెన్‌కు 2017ల పులిట్జర్ (పేపరోళ్లకిచ్చే పెద్ద అవార్డు) వచ్చింది. దాసన్నకు ఎరికుంటది ఎందుకో.

డెమాయిన్_దాసు
ఎందుకు తెలీదు, మా కుళాయి నీళ్ల గొడవే అది. నల్లరేగడి గారు చెప్పిన ఆ గొట్టాల్లోంచి ఎరువుల నైట్రేట్ మా నదిలోకొస్తోందని 2015లో డెమాయిన్ నీటి సంస్థ మూడు కౌంటీల (మన జిల్లాల్లాంటివి) మీద కేసు వేసింది. అందులో స్టార్మ్‌లేక్ ఉన్న బ్యూనా విస్టా ఒకటి. కౌంటీ తరఫున లాయర్ ఖర్చులు ఎవరు పెడుతున్నారో చెప్పమని కలెన్ తన ఊరి పేపర్లోనే రాశాడు. వ్యవసాయ కంపెనీల డబ్బని తేలింది. 2017లో కేసు కొట్టేశారు, నీళ్లు అలాగే ఉన్నాయి. కానీ ఒప్పుకోవాలి, పొద్దున కాఫీకి వెళ్తే ఎదురుబల్ల మీద కూర్చునేవాళ్ల గురించే రాయడం అంత తేలిక కాదు. నేనైతే రాయను.

మోడరేటర్
నీళ్ల కేసు కోసం వేరే చర్చ ఉంది. ఇక్కడ కొబ్బరాకు గారి ప్రశ్నకి జవాబు చెప్పండి.

డెమాయిన్_దాసు
సరే, పనికొచ్చే మాట. మ్యాడ్రిడ్‌లో గుడి ఉంది. స్పెయిన్ కాదు, డెమాయిన్‌కి అరగంట దూరంలో మొక్కజొన్న చేల పక్కన చిన్న ఊరు. మీకు దూరమే, పండగలకి రావచ్చు. దారి అడిగేటప్పుడు "మ్యాడ్" అని గట్టిగా నొక్కి పలకండి, లేకపోతే వాళ్లకి అర్థం కాదు. ఇక్కడ నెవాడా అనే ఊరిని కూడా నెవేడా అంటారు. వచ్చినప్పుడు మా ఇంట్లో దిగండి, పప్పులు నేను కొనిపెడతాను. కారు డిక్కీలో దుప్పటి, పార, కొవ్వొత్తి, తినడానికి ఏదైనా నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తియ్యకండి. తెల్లటి మంచుగాలిలో రోడ్డు కనపడకపోతే బండి దిగి నడవకండి.

నల్లరేగడి | ఏమ్స్
దాసు గారు కరిగారు! ఇంకో తెలుగు లంకె చెప్పి వెళ్తాను. హరిత విప్లవం బోర్లాగ్ పుట్టింది ఈశాన్య అయోవాలో క్రెస్కో దగ్గర. ఆయన పెట్టించిన ప్రపంచ ఆహార బహుమతి డెమాయిన్‌లోనే ఇస్తారు. 2005లో అది అందుకున్నది మన బాపట్ల మోదడుగు విజయ్ గుప్తా గారు, చేపల పెంపకానికి.

కొబ్బరాకు | షికాగో
అందరికీ వేల దండాలు. ఒప్పందం మీద సంతకం పెట్టేశాను. కాన్పుల విభాగం మూసేసి చాలా ఏళ్లయిందట. గర్భిణులు యాభై నిమిషాలు ప్రయాణం చెయ్యాలి. అది తెలిశాక వెనక్కి తగ్గుదామనీ అనిపించింది, తగ్గకూడదనీ అనిపించింది.

కొబ్బరాకు | అయోవా
ఏడాది తర్వాత మళ్లీ ఇక్కడికి వచ్చాను. జులైలో దిగాం. వేలు ఎత్తడం వచ్చేసింది, పాప వెనక సీట్లోంచి రెండు చేతులూ ఎత్తుతోంది.

పోయిన శనివారం సంగతి చెప్పాలి. ఊరి బయట ఒక రైతు కోతలకి ముందు మంచాన పడ్డాడు. ఎవరు చాటింపు వేశారో తెలీదు, తెల్లారేసరికి ఆయన పొలం గట్టున తొమ్మిది కంబైన్లు, ఇరవై దాకా ట్రక్కులు. ఎరుపూ ఆకుపచ్చా కలిసి. (ఏ రంగు కంపెనీ ట్రాక్టరు కొంటారన్నది ఇక్కడ మన అభిమాన హీరో గొడవ లాంటిది.) ఎవరి పంట వాళ్లకి ఇంకా చేలోనే ఉంది, వాన సూచన కూడా ఉంది. అయినా సాయంత్రానికి ఆరు వందల ఎకరాలు కోసి ఎలివేటరుకి తోలేశారు. అంతమందిలో ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు. ఆయన భార్య వరండాలో నిలబడింది, వచ్చినవాళ్లు ఆమె వైపు చూడకుండా బండ్లెక్కారు. చూస్తే ఆమె ఏడుస్తుందని అనుకుంటా.

గురువారమే నాకు ఫోను వచ్చింది. "నలభై మందికి పొలంలో భోజనాలు, నువ్వు బంగాళాదుంప" అని ఒకావిడ పెట్టేసింది. ఏం వండాలో చెప్పలేదు. ఆవాలు, కరివేపాకు వేసి పెద్ద పళ్లెం నిండా వేపుడు చేశాను, కారం సగానికి తగ్గించి. అట్టపెట్టె మీద కూర్చుని తిన్న ఒక ముసలాయన కరివేపాకులన్నీ ఏరి కంచం అంచున వరసగా పెట్టి, మళ్లీ వచ్చి ఇంకాస్త వేయించుకున్నాడు. "ఫర్లేదు" అన్నాడు. బందరు లడ్డు గారూ, మీరు గుర్తొచ్చారు.

ఒక్కటే తప్పు చేశాను అక్కా. పళ్లెం అడుగున టేపు అంటించడం మర్చిపోయాను. అమ్మ ఇచ్చిన స్టీలు పళ్లెం. వారం అయింది, జాడ లేదు.

అత్తిలి_అక్క
కో-ఆప్ (రైతుల సహకార సంఘం) ఆఫీసులో తూకం బల్ల పక్కన కిటికీ దగ్గర చూడు. ఎవరివో తెలియని గిన్నెలు అక్కడ పెడతారు. వెళ్లేటప్పుడు టేపు పట్టుకెళ్లు.